తీగకు సైటు పేరు తెలియదు

ల్యాప్‌టాప్ వైఫై మీద ఉన్నంతసేపూ ఏ సైటైనా వస్తుంది. వైఫై ఆపేసి, రౌటరు వెనక నుంచి తెచ్చిన ల్యాన్ కేబుల్ గుచ్చామా, పేచీ మొదలవుతుంది. యూట్యూబ్ ఆడుతుంది, గూగుల్ వెతికిపెడుతుంది. బ్యాంకు సైటో, ఫీజు కట్టాల్సిన కాలేజీ సైటో మాత్రం తెల్లటి తెర చూపిస్తూ లోడవుతూనే ఉంటుంది. ఇల్లు ఒకటే, కనెక్షన్ ఒకటే, కంప్యూటరు ఒకటే. మారిందల్లా తీగ కదా అని తప్పు దాని నెత్తిన రుద్ది, బజారుకెళ్లి కొత్త కేబుల్ తెస్తాం. చాలా ఇళ్లలో కథ అక్కడితో ముగియదు. కొత్త కేబుల్‌తోనూ బ్యాంకు సైటు రాదు. వైఫై నుంచి కేబుల్‌కు మారినప్పుడు తీగ ఒక్కటే మారుతుందనుకోవడంలోనే పొరపాటుంది. నెట్‌వర్క్ లెక్కలో కంప్యూటరు కూడా మారిపోతుంది. కొన్ని సైట్లు వచ్చి, కొన్ని రాకపోతే అనుమానించాల్సిన వాటిలో కేబుల్‌ను చివర పెట్టాలని, ముందుగా ఈ మారిపోయిన గుర్తింపునే చూడాలని నా వాదన.

తీగ మీద అసలేం నడుస్తుందో చూద్దాం. మనం గుచ్చే కేబుల్ మీద నడిచే పద్ధతి పేరు ఈథర్‌నెట్. 1973లో అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో పుట్టింది. సమాచారాన్ని చిన్న చిన్న ముక్కలుగా కట్టి పంపడం, ప్రతి ముక్క చివరా 32 బిట్ల తనిఖీ సంఖ్య ఒకటి తగిలించడం దాని పని. అవతలి కార్డు ఆ లెక్క సరిచూసుకుంటుంది. సరిపోతే పైకి పంపుతుంది, తప్పితే చప్పుడు చేయకుండా పారేస్తుంది. ఈ పనిలో ఎక్కడా సైటు పేరు ప్రస్తావన రాదు. ముక్కలో ఉన్నది బ్యాంకు పేజీయా, సినిమా పాటా అన్నది రాగికి తెలిసే అవకాశమే లేదు. కేబుల్ చెడితే కనెక్షన్ మొత్తం పడిపోవాలి, లేదా మొత్తం నెమ్మదించాలి, లేదా వచ్చి పోతూ ఉండాలి. ఒక సైటును రోజంతా బాగా చూపించి, ఇంకో సైటును ఒక్కసారి కూడా రానివ్వకుండా ఆపే పక్షపాతం లోహానికి ఉండదు. అలాంటి ఎంపిక చేయగలిగేది పేర్లు, చిరునామాలు, ప్యాకెట్ సైజులు చూసి నడుచుకునే చోటే. అంటే సెట్టింగుల్లో, రౌటరులో, దారి మధ్యలో.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది: కేబుల్ మార్చాక బాగైపోయిన ఇళ్లు ఉన్నాయి కదా? ఉన్నాయి. కానీ కేబుల్ మార్చడమంటే పాతది పీకి కొత్తది గుచ్చడం. పీకిన క్షణంలో లింకు తెగుతుంది, గుచ్చిన క్షణంలో కంప్యూటరు రౌటరును మళ్లీ చిరునామా అడుగుతుంది, పనికిరాని పాత వివరాలు కొన్ని పోతాయి. అదే పాత కేబుల్‌ను పీకి మళ్లీ గుచ్చినా ఈ ఫలితమే రావచ్చు. ఆ పరీక్ష చేయకుండా కొత్త కేబుల్‌కు ఘనత కట్టబెట్టడం సాక్ష్యం కాదు. అయితే కేబుల్‌ను పూర్తిగా నిర్దోషిగా వదలడం కూడా న్యాయం కాదు. క్లిప్పు లోపల ఎనిమిది సన్నటి తీగలు ఉంటాయి, నాలుగు జతలుగా. 100 మెగాబిట్ల వేగానికి ఒకటి, రెండు, మూడు, ఆరు స్థానాల్లోని తీగలు చాలు. గిగాబిట్‌కు మాత్రం ఎనిమిదీ కావాలి. క్రింపింగ్ సరిగా లేక నీలం జతో, బ్రౌన్ జతో అంటకపోతే చాలా పరికరాలు 100కు దిగిపోయి పని చేస్తూనే ఉంటాయి. యజమానికి తెలియను కూడా తెలియదు. ఇంకో సంగతి. తీగలో అడపాదడపా బిట్లు చెడుతుంటే చిన్న ముక్కల కంటే పెద్ద ముక్కలకే దెబ్బ ఎక్కువ. 64 బైట్ల ముక్కలో 512 బిట్లు, 1500 బైట్ల ముక్కలో 12,000 బిట్లు. పెద్దదానికి తప్పు తగిలే అవకాశం ఇరవై రెట్లకు పైనే. కాబట్టి చెడ్డ కేబుల్ కూడా పైపైన ఎంపిక చేస్తున్నట్టు కనిపించగలదు. పైగా వైఫైలో పంపిన ప్రతి ముక్కకూ అవతలి వైపు నుంచి అందిందన్న కబురు రావాలి, రాకపోతే అక్కడికక్కడే మళ్లీ పంపుతారు. ఈథర్‌నెట్‌లో ఆ ఏర్పాటు లేదు, చెడిన ముక్క పోయినట్టే. గాలి నమ్మకం లేనిదని ముందే తెలుసు కాబట్టి అక్కడ జాగ్రత్త ఎక్కువ. ఇంత ఒప్పుకున్నాక కూడా తేడా మిగిలే ఉంటుంది. చెడ్డ తీగ మీద పెద్ద ఫైలు ఏ సైటు నుంచి తెచ్చుకున్నా ఈడుస్తుంది. ఒక్క బ్యాంకు సైటు మీదే కక్ష కట్టదు.

ఇక కంప్యూటరు గుర్తింపు సంగతి. ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు వేరు, ల్యాన్ కార్డు వేరు. ఒక్కోదానికి ఒక్కో మ్యాక్ అడ్రసు, 48 బిట్ల సంఖ్య. రౌటరుకు కనిపించేది ఈ సంఖ్యే. అంటే దాని దృష్టిలో మన ల్యాప్‌టాప్ ఒకటి కాదు, రెండు వేరువేరు పరికరాలు. పిల్లల కోసం రౌటరులో పేరెంటల్ కంట్రోల్ పెట్టి, ఫలానా పరికరానికి ఫలానా సైట్లు వద్దని రాసి ఉంటే, ఆ రాత ఒక మ్యాక్ అడ్రసు పేరిటే ఉంటుంది. ల్యాన్ కార్డుకు వర్తించిన ఆంక్ష వైఫై కార్డుకు వర్తించదు. కాలేజీల్లో, ఆఫీసుల్లో ఇది మామూలు. గోడకున్న పోర్టు ఒక విభాగం కిందికి వస్తుంది, వైఫై మరో విభాగం కిందికి వస్తుంది, రెండింటికీ ఫిల్టర్లు వేరు. ఇళ్లలో ఫైబర్ బాక్సు వెనక నాలుగు ల్యాన్ పోర్టులుంటే నాలుగూ ఒకటే అనుకుంటాం. చాలా బాక్సుల్లో ఏ పోర్టు ఏ సర్వీసుకు పోవాలో విడివిడిగా కట్టిపెట్టే సెట్టింగు ఉంటుంది. ఒక పోర్టును టీవీ బాక్సుకు కేటాయించి ఉండవచ్చు. కొత్త కేబుల్‌కు డబ్బు పెట్టేలోపు పాత కేబుల్‌నే పక్క పోర్టులోకి మార్చి చూడటం పైసా ఖర్చు లేని పరీక్ష.

గుర్తింపులో మరో భాగం డీఎన్‌ఎస్. సైటు పేరు చెబితే దాని అంకెల చిరునామా చెప్పే ఏర్పాటు అది, 1983 నుంచీ ఉన్నది. విండోస్‌లో ఏ కార్డు ఏ డీఎన్‌ఎస్ సర్వరును అడగాలో కార్డు కార్డుకూ వేరుగా రాసుకోవచ్చు. ఇక్కడే పాత పాపాలు దాక్కుంటాయి. ఎప్పుడో పాత ఆపరేటరు మనిషి వచ్చి ల్యాన్ కార్డులో చేత్తో డీఎన్‌ఎస్ చిరునామా టైపు చేసి వెళ్లి ఉంటాడు. కనెక్షన్ మారింది, ఆ అంకెలు మారలేదు. వైఫై కార్డులో ఎవరూ వేలు పెట్టలేదు కాబట్టి అది రౌటరు ఇచ్చింది తీసుకుని సుఖంగా ఉంది. చేత్తో రాసిన సర్వరు పూర్తిగా చచ్చిపోయి ఉంటే ఏ సైటూ రాకపోవాలి కదా అంటే, అవును. కానీ అది కొన్ని రకాల సైట్లను వడకట్టే సర్వరు అయితే కొన్నే ఆగుతాయి. బ్రౌజరు తన సొంత సురక్షిత డీఎన్‌ఎస్ వాడుతుంటే బ్రౌజరులో వచ్చిన సైటు ఇంకో యాప్‌లో రాదు. తేల్చుకోవడం తేలిక. కేబుల్, వైఫై రెండూ కలిపి ఉంచి, కమాండ్ విండోలో ఐపీ కాన్ఫిగ్ ఆదేశానికి స్లాష్ ఆల్ అన్న ముక్క కలిపి కొడితే రెండు కార్డుల వివరాలూ ఒకదాని కింద ఒకటి వస్తాయి. డీఎన్‌ఎస్ సర్వర్స్ అన్న వరస రెండు చోట్లా ఒకటేనా అన్నది కంటికే కనిపిస్తుంది. ల్యాన్ కార్డుకు 169.254తో మొదలయ్యే చిరునామా ఉంటే ఇక సైట్ల గొడవే లేదు. దానికి రౌటరు నుంచి చిరునామాయే అందలేదు, తనకు తాను ఒకటి పెట్టుకుందని అర్థం. అప్పుడు మామూలుగా అన్ని సైట్లూ ఆగుతాయి, ఈ చర్చ అవసరం ఉండదు.

అన్నిటికంటే తరచూ పక్కదారి పట్టించేది ప్యాకెట్ సైజు. ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్ గరిష్ఠంగా 1500 బైట్లు. మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు యూజర్ ఐడీ, పాస్‌వర్డ్‌తో డయల్ అయ్యే పీపీపీఓఈ పద్ధతిలో నడుస్తాయి. 1999లో వచ్చిన ఆ పద్ధతి ప్రతి ప్యాకెట్‌లో 8 బైట్లు తన కోసం తీసుకుంటుంది, మిగిలేవి 1492. దారిలో వీపీఎన్ లాంటి సొరంగం ఏదైనా ఉంటే ఇంకా తగ్గుతుంది. రైలు వంతెన కింది రోడ్డుకు ముందు అడ్డంగా ఇనుప కమ్మీ ఉంటుంది చూడండి, సైకిలు, ఆటో దర్జాగా పోతాయి, లోడెత్తిన లారీ ఆగిపోతుంది. అక్కడ కాపలా మనిషి ఉండి, సరుకు తగ్గించుకుని రమ్మని లారీకి చెబితే బండి కాస్త ఆలస్యంగానైనా పోతుంది. ఇంటర్నెట్‌లో ఆ కబురు మోసే వ్యవస్థ పేరు ఐసీఎమ్‌పీ. 1990లో రాసిన ప్రమాణం ప్రకారం, ఈ ప్యాకెట్ నా దారిలో పట్టదు, చిన్నది పంపు అని మధ్యలోని రౌటరు పంపినవాడికి తిరుగు కబురు చేయాలి. భద్రత పేరుతో కొందరు నిర్వాహకులు ఐసీఎమ్‌పీని గంపగుత్తగా ఆపేస్తారు. దాంతో పంపినవాడికి కబురు అందదు, పెద్ద ప్యాకెట్ పోయిన చోటు తెలియదు, పేజీ రాదు. ఈ జబ్బును 2000లోనే ఇంటర్నెట్ ఇంజనీర్లు బ్లాక్ హోల్ అన్న పేరుతో పత్రంలో రాసిపెట్టారు. ఇరవై ఏళ్లు దాటినా పోలేదంటే అది అజ్ఞానం కాదు, అలవాటు.

దీని లక్షణాలు గుర్తుపట్టగలిగినవే. పలకరింపు ప్యాకెట్లు చిన్నవి కాబట్టి సర్వరుతో పరిచయం కుదురుతుంది. ఆ తర్వాత సైటు తన సెక్యూరిటీ సర్టిఫికెట్ పంపాలి. అది చాలాసార్లు ఒక్క ప్యాకెట్‌లో పట్టదు, నిండు సైజు ప్యాకెట్లు రావాలి. అక్కడే ఆగుతుంది. సైటు దొరకలేదన్న సందేశం రాదు, లోడవుతూ ఉండిపోతుంది. మరి యూట్యూబ్ ఎలా ఆడుతోంది? గూగుల్ సేవలు క్రోమ్ లాంటి బ్రౌజర్లతో క్విక్ అనే కొత్త పద్ధతిలో మాట్లాడతాయి. 2021లో ప్రమాణంగా వెలువడిన ఆ పద్ధతి 1200 బైట్ల ప్యాకెట్లతో మొదలుపెడుతుంది, దారి పెద్దదని తేలితేనే సైజు పెంచుతుంది. పాత పద్ధతినే పట్టుకుని నిండు ప్యాకెట్లు పంపే సైటు ఇరుక్కుపోతుంది. కాబట్టి గూగుల్ వస్తోందిగా, నెట్ బాగానే ఉందిగా అన్న ధీమాకు ఆధారం తక్కువ. ఏ సైట్లు వస్తున్నాయో ఆ జాబితా కూడా సాక్ష్యమే, రాని సైట్ల జాబితా ఎంతో ఇదీ అంతే.

ఇక్కడ గట్టి అభ్యంతరమే ఒకటి రావాలి. కేబుల్ ప్యాకెట్లు, వైఫై ప్యాకెట్లు ఒకే రౌటరు నుంచి ఒకే దారిలో పోతున్నప్పుడు, సైజు ఇబ్బంది ఒకదానికే ఎందుకు రావాలి? నిజమే, దారి పూర్తిగా ఒకటే అయితే రాకూడదు. మంచి రౌటరు పలకరింపు దశలోనే సర్వరుకు చిన్న సైజు చెప్పి రెండింటినీ కాపాడుతుంది కూడా, దాన్ని ఎమ్‌ఎస్‌ఎస్ క్లాంపింగ్ అంటారు. ఒకదానికే వచ్చిందంటే దారి ఎక్కడో చీలిందన్నమాట. ఆ చీలిక వెతకాలి. కేబుల్ మధ్యలో రెండో రౌటరు ఉందా? గుచ్చిన పోర్టు నుంచి ప్యాకెట్లు రౌటరు పద్ధతులు దాటి నేరుగా ఆపరేటరు దగ్గరికి పోయేలా కట్టి ఉందా? ఆఫీసు ల్యాప్‌టాప్‌లోని వీపీఎన్ ల్యాన్ కార్డునే పట్టుకుని కూర్చుందా? ఇవేవీ కాకపోతే కంప్యూటరు లోపలికే చూడాలి. ల్యాన్ కార్డు డ్రైవరులో లార్జ్ సెండ్ ఆఫ్‌లోడ్ అనే సదుపాయం ఉంటుంది, పెద్ద సమాచారాన్ని ముక్కలు చేసే పనిని కార్డే నెత్తిన వేసుకుంటుంది. డ్రైవరులో లోపముంటే ఆ ముక్కలు తప్పుగా తయారవుతాయి. పేజీ తెరుచుకుంటుంది గానీ ఫారం సబ్మిట్ చేసినా, ఫోటో అప్‌లోడ్ చేసినా ఆగిపోతుంది. వైఫై కార్డుకు వేరే డ్రైవరు కాబట్టి దానికి ఈ జబ్బు అంటదు.

సైజు జబ్బు ఉందో లేదో తేల్చే పరీక్ష వినండి, వీలైతే కాగితం మీద రాసుకోండి. కమాండ్ విండోలో పింగ్ అని కొట్టి, ఖాళీ, హైఫన్ ఎఫ్, ఖాళీ, హైఫన్ ఎల్, ఖాళీ, 1472, ఖాళీ, తర్వాత సర్వరు పేరు. హైఫన్ ఎఫ్ అంటే ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దని ఆదేశం. 1472కు పైన 28 బైట్ల తలకట్టు చేరి 1500 అవుతుంది. ముందు 100 సైజుతో ఒకసారి కొట్టి, ఆ సర్వరు పింగ్‌కు బదులిచ్చేదేనని రూఢి చేసుకోవాలి. బ్యాంకుల సర్వర్లు చాలామటుకు పింగ్‌కు పలకవు. 1472కు ముక్కలు చేయాల్సి ఉందని సందేశం వస్తే, మన వైపు నుంచి వెళ్లే దారిలో కబురు వ్యవస్థ పని చేస్తోంది. అలా కాకుండా కాలపరిమితి దాటిందని మాత్రమే వచ్చి, 1464తోనో 1400తోనో బదులు వస్తే, జబ్బు చేతికి చిక్కినట్టే. ఇదే పరీక్షను వైఫై మీద కూడా కొట్టి రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టాలి. ఒక్కవైపే చేసిన పరీక్షకు విలువ లేదు.

తిరుగు కబురు అందకపోతే వచ్చే ఈ సైజు జబ్బు, ఇంటర్నెట్ చిరునామాల కొత్త పద్ధతి అయిన ఐపీవీ6కు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. అందులో దారి మధ్యలోని రౌటర్లు ప్యాకెట్‌ను ముక్కలు చేయడం నిషిద్ధం, తిరుగు కబురు తప్ప గత్యంతరం లేదు. కేబుల్ వైపు ఐపీవీ6 చిరునామా వచ్చి, దాని దారి సగంలో తెగి ఉంటే, పాత పద్ధతి ఐపీవీ4 మాత్రమే ఉన్న సైట్లు వస్తాయి, రెండూ ఉన్న సైట్లు ఇరుక్కుంటాయి. బ్రౌజర్లు అంత అమాయకమైనవి కావు, ఐపీవీ6 పలకకపోతే సుమారు పావు సెకనులో ఐపీవీ4ను ప్రయత్నిస్తాయి కదా అనవచ్చు. ప్రయత్నిస్తాయి. కానీ వాటి పోటీ పలకరింపు వరకే. చిన్న ప్యాకెట్లతో పలకరింపు కుదిరితే ఐపీవీ6 గెలిచినట్టు లెక్క. తర్వాత పెద్ద ప్యాకెట్ పోయినా బ్రౌజరు వెనక్కి వచ్చి ఐపీవీ4 తలుపు తట్టదు. ల్యాన్ కార్డు ప్రాపర్టీస్‌లో ఐపీవీ6 ఎదురుగా ఉన్న టిక్కు తాత్కాలికంగా తీసి చూస్తే తేలిపోతుంది. తేలాక టిక్కు మళ్లీ పెట్టాలి. దాన్ని శాశ్వతంగా తీసేయడం చికిత్స కాదన్నది నా అభిప్రాయం, ఎందుకంటే చెడింది ఐపీవీ6 కాదు, దాని దారి.

పోల్చేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు ఫోను హాట్‌స్పాట్. వైఫైలో వస్తోంది అన్న మాటకు కొందరి ఇళ్లలో అర్థం ఫోను నెట్‌లో వస్తోందని. అది కేబుల్‌కూ వైఫైకీ పోలిక కాదు, ఒక కంపెనీ నెట్‌కూ మరో కంపెనీ నెట్‌కూ పోలిక. అప్పుడు ఆపరేటరు ఆ సైటును ఆపి ఉండవచ్చు, సైటే ఆ ఆపరేటరు చిరునామాలను అనుమానించి ఉండవచ్చు. అదే ఇంటి రౌటరు వైఫై అయితే ఈ రెండూ దాదాపు కొట్టేయవచ్చు. ఐపీవీ4లో ఇంట్లోని పరికరాలన్నీ బయటికి ఒకే చిరునామాతో వెళ్తాయి, లోపల ఎవరు తీగ మీద ఉన్నారో ఎవరు గాలి మీద ఉన్నారో బ్యాంకు సర్వరుకు కనపడదు. అలాగే బ్రౌజరు, కంప్యూటరు గడియారం, సైటు పేర్లకు చిరునామాలు రాసుకునే హోస్ట్స్ ఫైలు రెండు దారులకూ ఉమ్మడివి. వైఫైలో సైటు వచ్చిన క్షణానే వాటి మీది కేసు కొట్టివేయాలి. క్యాషె తుడవడం, బ్రౌజరు తీసేసి మళ్లీ వేయడం ఈ సందర్భంలో ఊరికే చెమటోడ్చడం.

ఇంత తతంగం దేనికి, విండోస్‌లో నెట్‌వర్క్ రీసెట్ కొడితే ఒక్క దెబ్బతో పోతుంది కదా అనేవారున్నారు. పాత డీఎన్‌ఎస్ అంకెలే కారణమైతే పోతుంది, ఒప్పుకుంటాను. కారణం రౌటరులోనో పోర్టులోనో ఉంటే పోదు, పైగా మీరు పెట్టుకున్న వీపీఎన్, ప్రత్యేక సెట్టింగులు తుడిచిపెట్టుకుపోతాయి, ఏది తేడానో చూపించే ఆధారాలు కూడా వాటితోపాటే పోతాయి. నా మాట వింటే రీసెట్‌ను చివరికి ఉంచండి. పరీక్ష చేసేటప్పుడు వైఫై పూర్తిగా ఆపి కేబుల్, కేబుల్ పీకేసి వైఫై. రెండూ ఉంచితే విండోస్ మామూలుగా కేబుల్ వైపే మొగ్గుతుంది, మనం వైఫై అనుకుని చూసేది వైఫై కాకపోవచ్చు. ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చాక బ్రౌజరు మూసి తెరవాలి. వైఫై ఉండగా కేబుల్ గోల దేనికన్నది మరో ప్రశ్న. వైఫై కార్డు లేని డెస్క్‌టాప్‌కు, ఆన్‌లైన్ పరీక్ష రాసే పిల్లవాడికి, ఇంటి నుంచి పని చేసేవారికి వైఫైతోనే సరిపెట్టుకోమన్న సలహా పనికిరాదు.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే ఆపరేటరుకు ఫోను చేయాల్సిందే. నెట్ రావట్లేదండీ అంటే, బాక్సు ఆపి వేయమంటాడు, అతని తప్పు లేదు, ఆ మాటకు ఆ జవాబే ఉంది. ఆ ఫిర్యాదుకు బదులు ఇలా చెప్పి చూడండి: అదే రౌటరు వైఫైలో సైటు వస్తోంది, రెండో ల్యాన్ పోర్టులో రావట్లేదు, నాలుగో పోర్టులో వస్తోంది. లేదా, కేబుల్ మీద 1472 పింగ్‌కు కాలపరిమితి దాటుతోంది, 1400 పోతోంది, వైఫైలో అలా లేదు. మొదటి మాటకు అతను ఆ పోర్టు ఏ సర్వీసుకు కట్టి ఉందో బాక్సు సెట్టింగుల్లో చూస్తాడు. రెండో మాటకు ఎమ్‌ఎస్‌ఎస్ క్లాంపింగ్ ఆన్‌లో ఉందా, డయలప్ దగ్గర గరిష్ఠ ప్యాకెట్ సైజు, అంటే ఎమ్‌టీయూ, 1492 అని ఉందా, 1500 అని ఉందా అని చూస్తాడు. అతనికి తెలియకపోతే తెలిసిన మనిషికి బదలాయించమని అడగడానికి మీ చేతిలో అంకెలుంటాయి.